చిన్న వ్యాపారం సైటుకు హోస్టింగ్, సర్వర్ ఎంచుకున్న తీరు: నా అనుభవం

హోస్టింగ్ ప్లాన్ల పట్టికలో పెద్ద అక్షరాలతో కనిపించేవి రెండే: ఎన్ని జీబీల డిస్కు, ఎంత బ్యాండ్‌విడ్త్. చిన్న వ్యాపారం సైటు ఈ రెండింటి దగ్గర ఇరుక్కోవడం చాలా అరుదు. ఇరుక్కునేది పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో ఉండే వాటి దగ్గర. ఒకేసారి ఎన్ని పీహెచ్‌పీ ప్రాసెస్‌లు (అడిగిన పేజీని అప్పటికప్పుడు తయారుచేసేవి) నడవొచ్చు, ఖాతాకు ఎంత ర్యామ్, ఎన్ని ఫైళ్లు. అందుకే ఈసారి ప్లాన్లు చూడకముందే సైటును కొలిచాను.

సైటు ఇది: నలభై పేజీలు, దాదాపు 300 వస్తువుల ఫొటోలు, ఒక విచారణ ఫారం, వర్డ్‌ప్రెస్ (సైటు నడిపే సాఫ్ట్‌వేర్) మీద వూకామర్స్ (దానికి దుకాణం జోడించే ప్లగిన్). అన్నీ కలిపి మూడు జీబీలు దాటదు. ఉన్నది షేర్డ్ హోస్టింగ్‌లో, అంటే ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే చోట. మామూలు రోజుల్లో బాగానే నడిచేది, నాలుగు ఆర్డర్లు ఎక్కువ వచ్చే వేళకే 508 ఎర్రర్ వచ్చేది.

508 అంటే సర్వర్ చెడిపోయిందని కాదు. షేర్డ్ హోస్టింగ్‌లో చాలామంది వాడే క్లౌడ్‌లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక్కో ఖాతాకు కొన్ని హద్దులు గీస్తారు. వాటిలో ‘ఎంట్రీ ప్రాసెస్‌లు’ అనేది ఒకటి. సాధారణంగా 20 ఉంటుంది. ఇది చూసి ‘ఒకేసారి 20 మందే రాగలరా’ అని కంగారు పడతారు గానీ, ఆ లెక్క అలా ఉండదు. ఫొటోలు, పేజీ రూపాన్ని చెప్పే సీఎస్‌ఎస్ ఫైళ్లు ఇందులోకి రావు. పీహెచ్‌పీ దాకా వెళ్లిన రిక్వెస్టు పూర్తయ్యేవరకు మాత్రమే ఒక స్థానం ఆక్రమిస్తుంది. పేజీ పావు సెకనులో తయారైతే 20 స్థానాలతో సెకనుకు 80 పేజీలు నెట్టుకు రావొచ్చు. అదే పేజీకి మూడు సెకన్లు పడితే సెకనుకు ఏడు రిక్వెస్టులకే ఊపిరాడదు. సీప్యానెల్‌లో (హోస్టింగ్ ఖాతాను నడిపే కంట్రోల్ పేజీ) ‘రిసోర్స్ యూసేజ్’ అనే చోట ఏ హద్దు ఎన్నిసార్లు తగిలిందో గ్రాఫ్‌లు ఉంటాయి. ప్లాన్ మార్చమని సపోర్టు వాళ్లు చెప్పేముందు ఈ పేజీ చూడాలి. తగిలింది ఎంట్రీ ప్రాసెస్‌ల హద్దా, మెమరీ హద్దా, డిస్కు వేగం హద్దా అన్నదాన్ని బట్టి మందు మారుతుంది.

ఐనోడ్‌ల సంగతి కూడా ఇక్కడే. ఒక్కో ఫైలు, ఒక్కో ఫోల్డరు ఒక ఐనోడ్. వర్డ్‌ప్రెస్‌లోకి ఒక పెద్ద ఫొటో ఎక్కిస్తే దాన్ని రకరకాల సైజుల్లో కత్తిరించి పెట్టుకుంటుంది, వూకామర్స్ తన సైజులు కలుపుతుంది. ఒక్క ఫొటో పది ఫైళ్లవుతుంది. 300 ఫొటోలంటే 3,000 ఫైళ్లు. మెయిల్ కూడా అదే ఖాతాలో ఉంటే ప్రతి ఉత్తరమూ ఒక ఫైలే. డిస్కులో సగం ఖాళీగా ఉన్నా ‘కోటా దాటింది’ అని వచ్చే సందేశానికి కారణం చాలాసార్లు ఇదే.

లాగ్ చదవడం

మనకు కావాల్సిన అసలు అంకె ఒకటే: రద్దీ వేళ ఒకే క్షణంలో ఎన్ని పీహెచ్‌పీ ప్రాసెస్‌లు పనిలో ఉంటాయి. దానికి సూత్రం చిన్నది. సెకనుకు వచ్చే రిక్వెస్టుల సంఖ్యను ఒక్కో రిక్వెస్టుకు పట్టే సెకన్లతో గుణించాలి. సెకనుకు 4 వస్తూ ఒక్కోటి అర సెకను తీసుకుంటే సగటున 2 ప్రాసెస్‌లు పనిలో ఉంటాయి. సెకనుకు 5 వస్తూ ఒక్కోటి 2 సెకన్లు తీసుకుంటే 10.

యాక్సెస్ లాగ్‌లోంచి (వచ్చిన ప్రతి రిక్వెస్టునూ సర్వర్ రాసిపెట్టే ఫైలు) ఫొటోలు, ఫాంట్లు, స్క్రిప్టుల వరుసలు తీసేసి, మిగిలినవాటిని నిమిషాలవారీగా లెక్కపెట్టాలి. వారం రోజుల లాగ్ చాలు. అన్నిటికంటే రద్దీగా ఉన్న నిమిషాన్ని తీసుకోవాలి, రోజు సగటును కాదు. ఇలా చూసినప్పుడు దాదాపు ప్రతి సైటులోనూ కనిపించే విషయం, వచ్చేవాళ్లలో మనుషుల కంటే బాట్‌లు (తమంతట తాము తిరిగే ప్రోగ్రాములు) ఎక్కువ. లాగిన్ పేజీ మీద పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ కొట్టేవి, బయటి ప్రోగ్రాములు వర్డ్‌ప్రెస్‌తో మాట్లాడే ఎక్స్‌ఎంఎల్ ఆర్‌పీసీ ఫైలును తట్టేవి, వస్తువుల ఫిల్టర్ లింకులను అన్ని రకాల కూర్పుల్లోనూ తిరగేసే క్రాలర్లు. ఈ మూడో రకమే ఎక్కువ నష్టం చేస్తుంది. రంగు, సైజు, ధర అని మూడు ఫిల్టర్లుంటే వాటి కలయికలు వేలల్లో ఉంటాయి, ఒక్కటీ క్యాష్‌లో (ముందే తయారుచేసి ఉంచిన పేజీల నిల్వ) ఉండదు, ప్రతిదీ డేటాబేస్‌ను కుదిపేస్తుంది. ఎక్స్‌ఎంఎల్ ఆర్‌పీసీని మూసి, ఫిల్టర్ లింకులను రోబోట్స్ ఫైలులో (ఏవి చూడొద్దో బాట్‌లకు చెప్పేది) ఆపేసి, లాగిన్ పేజీకి నిమిషానికి ఇన్ని అని పరిమితి పెడితే కొన్ని సైట్లకు హోస్టింగ్ మార్చే అవసరమే రాదు. రోబోట్స్ ఫైలు మాట వినని బాట్‌లు ఉంటాయి, వాటిని సర్వర్‌లోనే 403 (అనుమతి లేదు) జవాబుతో తిప్పి పంపాలి.

ఎన్ని దారులు

ఆర్డరు పేజీ లేకుండా పేజీలు, ఫొటోలు, ఒక ఫారం మాత్రమే ఉంటే స్టాటిక్ సైటు చేసేయడమే మంచిది. హ్యూగో లాంటి దానితో హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు తయారు చేసి ఎక్కడైనా పెట్టొచ్చు. డేటాబేస్ లేదు, హ్యాక్ చేయడానికి పీహెచ్‌పీ లేదు. అలాంటి సైటుకు వీపీఎస్ (మనకే విడిగా ఇచ్చే వర్చువల్ సర్వర్) తీసుకోవడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే.

ఆర్డర్లు ఉన్నప్పుడు మిగిలేవి మూడు: మంచి షేర్డ్ హోస్టింగ్, మేనేజ్డ్ వర్డ్‌ప్రెస్ (సర్వర్‌ను కంపెనీయే చూసుకునేది), వీపీఎస్. వీటిలో ఏది అన్నది సర్వర్ బలం మీద కంటే సర్వర్‌ను చూసుకునే మనిషి మీద ఆధారపడుతుంది. వీపీఎస్‌లో ఖాళీ మెషీన్ ఇస్తారు. నెలకు కనీసం రెండు మూడు గంటలు అప్‌డేట్లకు, లాగ్‌లకు, బ్యాకప్ పరీక్షకు కేటాయించే మనిషి లేకపోతే వీపీఎస్ వద్దు, ఎంత చవకైనా సరే. వారానికోసారైనా కమాండ్ లైన్ ముట్టుకునేవాళ్లు ఎవరూ లేని వ్యాపారానికి మేనేజ్డ్ సర్వీసే చివరికి చవక. ఇక్కడ చూసుకోవడానికి నేనున్నాను కాబట్టి వీపీఎస్ వైపు వెళ్లాను.

ఏ దారిలో వెళ్లినా కొనేముందు అడగాల్సినవి ఉన్నాయి. రెండో ఏడాది రెన్యువల్ ధర ఎంత. బ్యాకప్ ఎక్కడ ఉంచుతారు, ఎన్ని రోజులు ఉంచుతారు. డొమైన్ ఎవరి పేరు మీద ఉంటుంది. సైటు చేసిన డెవలపర్ పేరు మీద డొమైన్ ఉండిపోతే, ఆ తర్వాత ఎంత మంచి సర్వర్ కొన్నా పీట మీద కూర్చున్నది వేరేవాళ్లు. ఇక 99.9 శాతం అప్‌టైమ్ అన్న హామీ గురించి: నెలకు 43 నిమిషాలు పడిపోయినా ఆ మాట తప్పినట్టు కాదు. తప్పినా సాధారణంగా ఇచ్చేది బిల్లులో కొంత తగ్గింపు మాత్రమే, పోయిన ఆర్డర్ల విలువ కాదు.

ర్యామ్ లెక్క

రెండు కోర్లు, 2 జీబీ ర్యామ్ ఉన్న వీపీఎస్ సరిపోతుందా అన్నది ఇలా తేల్చాను. మొత్తం 2,048 ఎంబీ. ఆపరేటింగ్ సిస్టమ్, వెబ్ సర్వర్, ఇతర చిన్న సర్వీసులకు 300. డేటాబేస్ అయిన మరియాడీబీకి 450, అందులో డేటాను మెమరీలో ఉంచుకునే ఇన్నోడీబీ బఫర్ పూల్ 256. పీహెచ్‌పీ కోడును మెమరీలో సిద్ధంగా ఉంచే ఆప్‌క్యాష్‌కు 128. డిస్కు ఫైళ్లను మెమరీలో ఉంచుకోవడానికి కెర్నల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) 250 వదలాలి. మిగిలింది 920. వూకామర్స్ ఉన్న సైటులో ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ 60 నుంచి 80 ఎంబీ తింటుంది. 70 అనుకుంటే 13 వస్తాయి. పీహెచ్‌పీ ప్రాసెస్‌లను నడిపే పీహెచ్‌పీ ఎఫ్‌పీఎంలో, ఒకేసారి ఎన్ని ఉండొచ్చో చెప్పే మ్యాక్స్ చిల్డ్రన్ విలువ 12 పెట్టాను.

చాలామంది ఇక్కడే ఆగిపోయి, 12 ప్రాసెస్‌లు ఉన్నాయి, పేజీకి 0.4 సెకను, కాబట్టి సెకనుకు 30 పేజీలు వస్తాయనుకుంటారు. రావు. ఆ 0.4 సెకనులో అధిక భాగం సీపీయూ పనే. కోర్లు రెండు. రెండు కోర్లు సెకనుకు రెండు సెకన్ల పనే చేయగలవు, అంటే దాదాపు 5 పేజీలు. మిగతా పది ప్రాసెస్‌లు మెమరీ ఆక్రమించి క్యూలో నిలబడి ఉంటాయి. 12 అన్నది ర్యామ్ పొంగకుండా పెట్టిన కట్ట మాత్రమే, వేగం కాదు. వేగం కావాలంటే పేజీకి పట్టే సమయం తగ్గించాలి, లేదా పీహెచ్‌పీ దాకా వెళ్లకుండా క్యాష్ నుంచి ఇవ్వాలి.

ఈ కట్టను ఊహతో 50 అని పెడితే ఏమవుతుందో తెలుసుకోవడం మంచిది. రద్దీ రాగానే ప్రాసెస్‌లు 50 దాకా పుడతాయి, ర్యామ్ అయిపోతుంది, కెర్నల్‌లోని ఓఓఎమ్ కిల్లర్ అన్నిటికంటే ఎక్కువ మెమరీ ఉన్నదాన్ని వెతికి చంపుతుంది. అది తరచుగా డేటాబేసే అవుతుంది. బ్రౌజర్‌లో కనిపించేది ‘డేటాబేస్ కనెక్షన్ కుదరలేదు’ అన్న సందేశం. దాన్ని చూసి డేటాబేస్ సెట్టింగులు మారుస్తూ కూర్చుంటారు, తప్పు చేసింది పీహెచ్‌పీ. కెర్నల్ లాగ్‌లో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అన్న మాట వెతికితే నిమిషంలో తేలుతుంది. అదే కట్ట మరీ చిన్నగా ఉంటే ఎఫ్‌పీఎం లాగ్‌లోనే మ్యాక్స్ చిల్డ్రన్ హద్దు తాకిందని రాస్తుంది. ఒకటి రెండు జీబీల స్వాప్ ఫైలు (ర్యామ్ నిండితే డిస్కును వాడుకునేది) పెట్టడం మంచిదే, అయితే అది గండం గడిచేందుకే. సైటు స్వాప్ మీద నడవడం మొదలుపెడితే పడిపోయినదానికంటే ఘోరంగా ఉంటుంది.

అపాచీనా, ఇంజన్ఎక్స్‌నా

ఇవి రెండూ బ్రౌజర్ అడిగిన పేజీలు అందించే వెబ్ సర్వర్లు. అపాచీ 1995 నుంచి ఉంది, ఇంజన్ఎక్స్ 2004లో వచ్చింది. అపాచీ నెమ్మది అన్న పేరు పాత అమరిక వల్ల వచ్చింది: ప్రీఫోర్క్ పద్ధతిలో (ఒక్కో కనెక్షన్‌కు ఒక ప్రాసెస్) పీహెచ్‌పీని అపాచీ లోపలే కూర్చోబెడితే, ఒక చిన్న బొమ్మ పంపడానికి కూడా పీహెచ్‌పీ మోస్తున్న బరువైన ప్రాసెస్ లేవాలి. ఈవెంట్ పద్ధతికి (ఒకే ప్రాసెస్ చాలా కనెక్షన్లు చూసుకునేది) మార్చి, పీహెచ్‌పీని ఎఫ్‌పీఎంలో విడిగా నడిపితే ఈ స్థాయి సైటుకు రెండింటి మధ్య తేడా వాడేవాళ్లకు తెలియదు. పేజీ తయారయ్యే 0.4 సెకనులో వెబ్ సర్వర్ వాటా లెక్కలోకి రానంత తక్కువ. ఈ రెండింటి మీద నడిచే వాదనలు వినోదానికి బాగుంటాయి.

అసలు తేడా హెచ్‌టీ యాక్సెస్ ఫైలు, అంటే ఒక ఫోల్డరుకు వర్తించే సర్వర్ నియమాలను ఆ ఫోల్డరులోనే రాసి ఉంచేది. అపాచీ దాన్ని చదువుతుంది, లైట్‌స్పీడ్ అనే మరో వెబ్ సర్వర్ చదువుతుంది. లైట్‌స్పీడ్ ఉచిత రూపమైన ఓపెన్ లైట్‌స్పీడ్ అందులోని రీరైట్ (చిరునామాలను మళ్లించే) నియమాలను చదువుతుంది గానీ, మార్చినప్పుడల్లా సర్వర్‌ను రీస్టార్ట్ చేయాలి. ఇంజన్ఎక్స్ దాన్ని అసలు పట్టించుకోదు. క్యాడీ అనే వెబ్ సర్వర్ కూడా అంతే. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లను దానంతట అదే తెచ్చుకోవడం క్యాడీ గొప్పతనం, సొంతంగా రాసుకున్న అప్లికేషన్‌కు నేను దాన్నే ముందు చూస్తాను.

నేను ఇంజన్ఎక్స్ తీసుకున్నాను, పీహెచ్‌పీ తయారుచేసిన పేజీలను నిల్వ ఉంచే దాని ఫాస్ట్‌సీజీఐ క్యాష్ కోసం. అందుకు ఇచ్చిన మూల్యం చెప్పాలి. వర్డ్‌ప్రెస్ ప్లగిన్లు చాలావరకు తమ ఫోల్డర్లకు తాళంగా హెచ్‌టీ యాక్సెస్ ఫైలు పెట్టి వదిలేస్తాయి. బ్యాకప్ ప్లగిన్ తన జిప్ ఫైళ్ల ఫోల్డరులో పెడుతుంది, వూకామర్స్ డౌన్‌లోడ్ వస్తువులుండే ఫోల్డరులో పెడుతుంది, ఫారం ప్లగిన్ కస్టమర్లు పంపిన అటాచ్‌మెంట్ల దగ్గర పెడుతుంది. ఇంజన్ఎక్స్‌కు మారిన క్షణం ఆ తాళాలన్నీ ఊడిపోతాయి. సైటు మామూలుగానే కనిపిస్తుంది, ఎర్రర్ రాదు, లింకు తెలిసినవాళ్లెవరైనా మొత్తం డేటాబేస్ జిప్‌ను దింపుకోవచ్చు. అందుకే మారకముందే సైటు మొత్తంలో ఆ పేరుతో ఉన్న ఫైళ్లన్నీ వెతికి, ఒక్కోదాన్ని తెరిచి, దానికి సరిపడే లొకేషన్ నియమం (ఏ ఫోల్డరుకు ఏం చేయాలో ఇంజన్ఎక్స్‌కు చెప్పేది) రాశాను. అప్‌లోడ్స్ ఫోల్డరులో పీహెచ్‌పీ ఫైళ్లు నడవకుండా ఒక నియమం, చుక్కతో మొదలయ్యే ఫైళ్లకు ఒకటి. చుక్క నియమం రాసేటప్పుడు ‘వెల్ నోన్’ ఫోల్డరును (సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు వచ్చి చూసే చోటు) మినహాయించాలి, లేకపోతే సర్టిఫికెట్ రెన్యువల్ ఆగిపోతుంది. ఇంత ఓపిక లేనివాళ్లకు ఈవెంట్ పద్ధతిలో అపాచీయే సరైన ఎంపిక, అందులో చిన్నతనమేమీ లేదు.

క్యాష్‌లో ఒక్క తప్పు చాలు, ఒకరి బుట్ట ఇంకొకరికి కనిపిస్తుంది. కార్ట్, చెకౌట్, మై అకౌంట్ పేజీలను క్యాష్ నుంచి తప్పించాలి. లాగిన్ అయిన కుకీ గానీ, బుట్టలో వస్తువు పడగానే వూకామర్స్ పెట్టే కుకీ గానీ ఉంటే ఆ మనిషికి ఏ పేజీ కూడా క్యాష్ నుంచి ఇవ్వకూడదు. పరీక్షించేటప్పుడు రెండు వేర్వేరు బ్రౌజర్లు తెరిచి, రెండింట్లో వేర్వేరు వస్తువులు బుట్టలో వేసి, పేజీలు అటూ ఇటూ తిరగాలి.

క్యాష్ బాగా పనిచేస్తే ఇంకో చిక్కు. వర్డ్‌ప్రెస్ తన షెడ్యూల్డ్ పనులను ఎవరైనా పేజీ తెరిచినప్పుడే చేసుకుంటుంది. పేజీలన్నీ క్యాష్ నుంచి వెళ్తుంటే పీహెచ్‌పీ లేవదు, ఆ పనులు గంటల తరబడి ఆగుతాయి. కాన్ఫిగ్ ఫైలులో ఆ లోపలి క్రాన్‌ను (వేళకు పనులు నడిపేది) ఆపేసి, సర్వర్ క్రాన్‌లో ఐదు నిమిషాలకోసారి నడిచేలా పెట్టాలి.

ఇంకొన్ని అంకెలు. ఇంజన్ఎక్స్ మామూలుగా 1 ఎంబీకి మించిన అప్‌లోడ్‌ను ఒప్పుకోదు, 413 ఇస్తుంది. అది పెంచినా పీహెచ్‌పీ అప్‌లోడ్ హద్దు 2 ఎంబీ, పోస్ట్ హద్దు 8 ఎంబీ. మూడూ కలిపి పెంచాలి. 502 వస్తే ఎఫ్‌పీఎం ఆగిపోయింది, లేదా పీహెచ్‌పీ వెర్షన్ మార్చాక ఇంజన్ఎక్స్, ఎఫ్‌పీఎం మాట్లాడుకునే సాకెట్ ఫైలు దారి పాతదే ఉండిపోయింది. 504 వస్తే 60 సెకన్లలో పీహెచ్‌పీ జవాబివ్వలేదు. ఆ 60ని 300 చేయడం జ్వరం చూపిస్తోందని థర్మామీటర్ విసిరేయడం లాంటిది, నెమ్మదిగా ఉన్న డేటాబేస్ క్వెరీని పట్టుకోవాలి.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు చూసింది ఒకటే, ఎన్నాళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయని. సెంట్‌ఓఎస్ 8 మద్దతు 2021 డిసెంబరు 31తో ఆగింది, సెంట్‌ఓఎస్ 7ది 2024 జూన్ 30తో. వాటి మీద ఉన్నవాళ్లు ఆల్మా లైనక్స్‌కో రాకీ లైనక్స్‌కో పరిగెత్తాల్సి వచ్చింది. ఎక్కువ కాలం మద్దతుండే ఉబుంటు 24.04 ఎల్‌టీఎస్‌కు 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి, దానితోనే పీహెచ్‌పీ 8.3, మరియాడీబీ 10.11 వస్తాయి. బయటి రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ నిల్వ) ఒక్కటీ చేర్చనక్కర్లేదు. సర్వర్‌లో బయటి నుంచి తెచ్చినవి ఎంత తక్కువుంటే రాత్రిళ్లు అంత నిద్ర పడుతుంది.

తాళాలు

ఎస్‌ఎస్‌హెచ్‌కు (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) కీ మాత్రమే, పాస్‌వర్డ్ వద్దు అని అందరూ చెబుతారు. మెయిన్ సెట్టింగుల ఫైలులో ‘పాస్‌వర్డ్ అథెంటికేషన్’ దగ్గర నో అని రాసి వెళ్లిపోతారు. చాలా వీపీఎస్ ఇమేజ్‌లలో క్లౌడ్ ఇనిట్ (మెషీన్‌ను మొదటిసారి సిద్ధం చేసే ప్రోగ్రామ్) పెట్టిన ఇంకో చిన్న ఫైలు ఉంటుంది, అందులో యెస్ అని ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ మొదట చదివిన విలువకే కట్టుబడుతుంది, ఆ చిన్న ఫైలును ముందు చదువుతుంది. అంటే తలుపు తెరిచే ఉంది. ఎస్‌ఎస్‌హెచ్‌డీ కమాండ్‌కు పెద్ద టీ ఆప్షన్ ఇస్తే నిజంగా అమల్లో ఉన్న విలువలు చూపిస్తుంది, నమ్మాల్సింది దాన్నే. పోర్టు మార్చేవాళ్లకు ఉబుంటు 24.04లో మరో మెలిక ఉంది: ఆ పోర్టు మీద వినేది ఎస్‌ఎస్‌హెచ్ కాదు, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ సాకెట్. డీమన్ రీలోడ్ చేసి, సాకెట్‌ను రీస్టార్ట్ చేస్తేగానీ కొత్త పోర్టు తెరుచుకోదు.

ఫైర్‌వాల్ ఆన్ చేసేముందు ఎస్‌ఎస్‌హెచ్‌ను అనుమతించాలి, తర్వాత కాదు. ఏ మార్పు చేసినా పాత టెర్మినల్ మూయకుండా కొత్తది తెరిచి లాగిన్ అయి చూడాలి. డేటాబేస్ 127.0.0.1 (అదే మెషీన్) మీద మాత్రమే వినాలి. అనుమతుల అంకెలు: ఫైళ్లు 644, ఫోల్డర్లు 755. అప్‌లోడ్ అవ్వట్లేదని 777 (అందరికీ అన్ని హక్కులు) ఇచ్చే సలహా ఎక్కడ కనిపించినా దాటి వెళ్లాలి, అక్కడ తప్పు ఓనర్ పేరులో ఉంటుంది.

మెయిల్ వేరు

మెయిల్‌ను వెబ్ సర్వర్ మీద పెట్టలేదు. చాలామంది వీపీఎస్ ప్రొవైడర్లు మెయిల్ బయటికి వెళ్లే 25వ పోర్టును మూసే ఇస్తారు. తెరిపించుకున్నా ఆ ఐపీకి పాత చరిత్ర ఉండొచ్చు. పైగా 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నియమాలు బిగించాయి. మెయిల్ పెట్టెలు ఒక మెయిల్ సర్వీసులో, సైటు నుంచి వెళ్లే ఆర్డరు మెయిళ్లు 587 పోర్టు ద్వారా ఒక రిలేలో (మన తరఫున మెయిల్ పంపే సర్వీసు) పెట్టాను. డొమైన్ తరఫున ఎవరు మెయిల్ పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డు డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. ఇద్దరు ప్రొవైడర్లు ఉన్నారని రెండు రికార్డులు పెడితే రెండూ చెల్లవు, ఒకే వరుసలో కలిపి రాయాలి. అందులో డీఎన్ఎస్ (డొమైన్ పేరుకు చిరునామా చెప్పే వ్యవస్థ) వెతుకులాటలు 10 దాటకూడదు.

విచారణ ఫారం మెయిళ్లు స్పామ్‌లోకి పోవడానికి ఉండే కారణం చాలాసార్లు సర్వర్ కాదు. ఫారం నింపిన కస్టమర్ అడ్రసునే ‘ఫ్రమ్’లో పెట్టి పంపుతారు. వాళ్ల డొమైన్ తరఫున పంపే హక్కు మన సర్వర్‌కు లేదు కాబట్టి డీమార్క్ (ఫ్రమ్‌లోని డొమైన్ నిజమా అని సరిచూసే నియమం) దగ్గర దొరికిపోతుంది. ఫ్రమ్‌లో సొంత డొమైన్ అడ్రసు, ‘రిప్లై టు’లో కస్టమర్ అడ్రసు పెడితే సరిపోతుంది.

మార్చే రోజు

ఒకరోజు ముందే డీఎన్ఎస్ టీటీఎల్‌ను (జవాబును ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పేది) 86400 నుంచి 300కు తగ్గించాను. మార్చాక తగ్గిస్తే ప్రయోజనం లేదు, పాత విలువను పట్టుకున్న రిజాల్వర్లు (డీఎన్ఎస్ వెతికిపెట్టే సర్వర్లు) రోజంతా పాత సర్వర్‌కే పంపుతాయి. కొత్త సర్వర్‌లో సైటు సిద్ధం చేసి, సొంత కంప్యూటర్ హోస్ట్స్ ఫైలులో డొమైన్ పక్కన కొత్త ఐపీ రాస్తే, లోకానికి తెలియకుండా అసలు పేరుతోనే పరీక్షించవచ్చు. పరీక్షయ్యాక ఆ వరుస తీసేయడం మరిచిపోతే తర్వాత నెల రోజులు ‘నాకు బాగానే వస్తోందే’ అంటూ ఉంటాం.

డేటాబేస్ డంప్ (మొత్తం నకలు) తీసేటప్పుడు సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ ఇస్తే సైటు ఆగకుండానే పొందికైన నకలు వస్తుంది, టేబుళ్లు ఇన్నోడీబీ అయితే. క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని రెండు వైపులా చెప్పాలి. పాత యూటీఎఫ్8 అక్షరానికి మూడు బైట్లే ఇస్తుంది, నాలుగు బైట్ల ఎమోజీ వచ్చిన చోట వాక్యం తెగిపోతుంది లేదా ఇంపోర్టు ఆగిపోతుంది. చివరి డంప్‌కు ముందు పాత సైటులో ఆర్డర్లు ఆపాలి. లేకపోతే మధ్యలో వచ్చిన ఆర్డరు పాత డేటాబేస్‌లో ఉండిపోతుంది, డబ్బు మాత్రం వచ్చేస్తుంది.

డీఎన్ఎస్‌లో ఐపీవీ4 చిరునామా ఉండే ‘A’ రికార్డును మార్చి, ఐపీవీ6 చిరునామా ఉండే ‘AAAA’ రికార్డును మరిచిపోవడం తరచూ జరిగే తప్పు. ఐపీవీ6 ఉన్నవాళ్లంతా పాత సర్వర్‌కే వెళ్తారు, మిగతావాళ్లు కొత్తదానికి వెళ్తారు. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ కూడా ఐపీవీ6 ఉంటే ముందు అటే చూస్తుంది, సర్టిఫికెట్ ఇవ్వదు. తప్పు ఎక్కడుందో వెతక్కుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే గంటకు ఐదు వైఫల్యాల హద్దు తగిలి కాసేపు తలుపు మూసేస్తుంది. ముందు వాళ్ల స్టేజింగ్ (పరీక్షల) సర్వర్ మీద ప్రయత్నించాలి. డీఎన్ఎస్ మారేదాకా హెచ్‌టీటీపీ పద్ధతిలో సర్టిఫికెట్ రాదు కాబట్టి, ఆ కాస్త సమయం కోసం పాత సర్వర్ సర్టిఫికెట్‌నూ ప్రైవేట్ కీనీ కాపీ చేసుకోవడం సులువు. ఈ సర్టిఫికెట్ల గడువు 90 రోజులు. గడువు ముగుస్తోందని మెయిల్ పంపడం ఆ సంస్థ 2025 జూన్‌లో ఆపేసింది. కాబట్టి సర్టిఫికెట్ తేదీని బయటి నుంచి చూసే మానిటర్ ఒకటి ఉండాలి. వెబ్‌రూట్ పద్ధతి (సైటు ఫోల్డరులో ఒక ఫైలు పెట్టి సైటు మనదేనని చూపేది) వాడితే రెన్యువల్ తర్వాత ఇంజన్ఎక్స్‌ను రీలోడ్ చేసే హుక్ (దానంతట అదే నడిచే కమాండ్) కూడా పెట్టాలి. లేకపోతే డిస్కులో కొత్త సర్టిఫికెట్ ఉన్నా ఇంజన్ఎక్స్ మెమరీలో పాతదాన్నే పట్టుకుని కూర్చుంటుంది.

ఆ తర్వాత

బ్యాకప్ రోజూ రాత్రి, వేరే కంపెనీ స్టోరేజ్‌కు వెళ్తుంది. ప్రొవైడర్ ఇచ్చే స్నాప్‌షాట్ (ఆ క్షణంలో మెషీన్ నకలు) సౌకర్యమే గానీ బ్యాకప్ కాదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడినప్పుడు ఒక భవనం పూర్తిగా పోయింది, బ్యాకప్‌లు కూడా అక్కడే ఉంచుకున్నవాళ్లకు రెండూ పోయాయి. మూడు నెలలకోసారి ఒక ఖాళీ మెషీన్ మీద బ్యాకప్‌ను తెరిచి సైటు లేస్తుందో లేదో చూస్తాను. తెరిచి చూడని బ్యాకప్ జిప్ పాడైందని తెలిసేది అవసరం పడిన రోజే. డంప్‌లను అదే డిస్కులో పోగుచేస్తే ఇంకో ప్రమాదం. డిస్కు నిండగానే డేటాబేస్ రాయడం ఆపేస్తుంది. మరియాడీబీ బదులు మైఎస్‌క్యూఎల్ 8 వాడేవాళ్లకు ఇది ఇంకా తొందరగా వస్తుంది, డేటా మార్పులు రాసుకునే బైనరీ లాగ్‌లు దానంతట అవే ఆన్‌లో ఉండి 30 రోజులు నిల్వ ఉంటాయి.

మొదటి వారం సర్వర్ ఏం చేస్తోందో చూపే టాప్ కమాండ్‌లో ‘ఎస్‌టీ’ అన్న అంకె మీద కన్నేశాను. అదే ఫిజికల్ మెషీన్ మీద ఉన్న ఇతరులు మన సీపీయూ సమయాన్ని ఎంత లాక్కుంటున్నారో అది చెబుతుంది. ఒకటి రెండు శాతం పర్వాలేదు. రద్దీ వేళల్లో ప్రతిసారీ పది దాటుతుంటే సెట్టింగులతో కుస్తీ పట్టడం వృథా. అదే ప్లాన్‌లో కొత్త మెషీన్ తెరిచి మారిపోవాలి, చాలాసార్లు వేరే హోస్ట్ మీద పడుతుంది.

పాత ఖాతాను వెంటనే రద్దు చేయలేదు. రద్దు చేసేముందు పాత సర్వర్ యాక్సెస్ లాగ్ చూస్తే ఇంకా ఎవరు వస్తున్నారో తెలుస్తుంది. పేమెంట్ సర్వీసు వెబ్‌హుక్ (చెల్లింపు సంగతి సైటుకు చెప్పే సందేశం) లాంటిది ఐపీతో నేరుగా రాసి ఉంటే అక్కడ బయటపడుతుంది. మెయిల్ పెట్టెల్లో మిగిలిన ఉత్తరాలు దింపుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం నేమ్‌సర్వర్లు, అంటే డొమైన్ డీఎన్ఎస్ రికార్డులు ఉండే సర్వర్లు. డొమైన్ ఇంకా పాత హోస్ట్ నేమ్‌సర్వర్ల మీదే ఉంటే, ‘A’ రికార్డు కొత్త ఐపీని చూపుతున్నా సరే, ఖాతా రద్దు చేసిన రోజు ఆ జోన్ (డొమైన్ రికార్డులన్నీ) కూడా పోతుంది, సైటుతో పాటు మెయిలూ ఆగిపోతుంది. జోన్‌లోని రికార్డులన్నీ, మెయిల్ సంతకాన్ని సరిచూసే డీకిమ్‌తో సహా, కొత్త డీఎన్ఎస్ ప్రొవైడర్ దగ్గర రాసి, రిజిస్ట్రార్ (డొమైన్ కొన్న కంపెనీ) దగ్గర నేమ్‌సర్వర్లు మార్చి, వారం ఆగి, డీఎన్ఎస్ జవాబులు చూపే డిగ్ కమాండ్‌తో సరిచూసుకున్నాకే పాత ఖాతాను రద్దు చేశాను.